అనుభవం మాది, అనుభవదారు ఎవరు?

మెట్ట మాటలు – 11



"రైతు లెక్క చూస్తాడు, తోటమాలి ప్రేమ చూస్తాడు."

ఈ మాట ఈమధ్య తెగ తిరుగుతోంది. మిద్దె తోటల గ్రూపుల్లో, ఆదివారం అనుబంధాల్లో, రిటైరైన సార్ల వాట్సాప్ స్టేటస్‌లలో ఎక్కడ చూసినా ఇదే. రైతుకి మొక్క అంటే దిగుబడి అంట, తోటమాలికి మొక్క అంటే బిడ్డ అంట. రైతు ఎకరాల్లో ఆలోచిస్తాడంట, తోటమాలి ఒక్కో ఆకునీ పలకరిస్తాడంట. చివర్లో ఒక నీతి కూడా ఉంటుంది. రైతు కూడా తోటమాలిలాగా నేలను ప్రేమిస్తే అప్పులుండవు, పురుగుమందు డబ్బాలుండవు అని.

ఏసీ గదిలో చదివితే బాగానే ఉంటుంది. ఉదయగిరి కొండ కింద నిలబడి చదివితే ఒళ్లు మండుతుంది. ఎందుకు మండుతుందో చెప్తాను. పోస్టు పెద్దదే, ఓపిగ్గా చదవండి.

*

ముందు మాటల సంగతి చూద్దాం. తెలుగు లెక్చరర్ని కదా, అక్కణ్ణుంచి మొదలుపెట్టకపోతే నాకు తోచదు.

'రైతు' పుట్టు తెలుగు మాట కాదు. అరబ్బీ 'రయ్యత్' పార్శీ మీదుగా మన కచేరీల్లోకి వచ్చింది. పాలితుడు, శిస్తు కట్టేవాడు అని దాని అర్థం. మద్రాసు ప్రెసిడెన్సీలో మన్రో రైత్వారీ పెట్టినప్పుడు సర్కారు ఒక పుస్తకం తెరిచి, ఈ నేలకు శిస్తు కట్టేది ఇతను అని ఒక పేరు రాసుకుంది. ఆ పేరున్నవాడు రైతు అయ్యాడు. అతను ఎప్పుడైనా మేడి పట్టాడా, అతని కాళ్లకి బురద అంటిందా అని పుస్తకం అడగలేదు. సేద్యగాడు అనేది పని పేరు. రైతు అనేది రిజిస్టరు పేరు. ఈ తేడా మనసులో పెట్టుకోండి.

ఇక 'మాలి'. సంస్కృతంలో మాలి అంటే దండలు గుచ్చేవాడు. మాల కులం పేరుకీ దీనికీ సంబంధం లేదు. క్లాసులో ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే చెప్తున్నా. రాజు తోటలోనో దేవుడి తోటలోనో పనిచేసే మనిషి తోటమాలి. తోట ఎప్పుడూ అతనిది కాదు. ఈరోజు సొంత మిద్దె మీద ఇరవై కుండీలు పెట్టుకున్న పెద్దమనిషి తనని తాను తోటమాలి అని పిలుచుకుంటున్నాడు. పనివాడి పేరు తను తీసుకున్నాడు, పనివాడి కూలి మాత్రం అక్కడే వదిలేశాడు.

అంటే రైతు అన్న పేరు పట్టా ఉన్నవాడికి పోయింది. తోటమాలి అన్న పేరు మిద్దె ఉన్నవాడికి పోయింది. మరి పొలంలోనూ తోటలోనూ రోజంతా నడుం వంచేవాళ్లకి ఏం మిగిలింది? కూలి. అదొక్కటే.

*

ఇప్పుడు మన నేల దగ్గరికి వద్దాం.

నెల్లూరు అనగానే బయటివాళ్లకి వరి గుర్తొస్తుంది, మొలగొలుకులు గుర్తొస్తాయి. అది తూర్పు, పెన్నా డెల్టా. మనది పడమర. ఉదయగిరి, సీతారామపురం, వరికుంటపాడు, దుత్తలూరు, వింజమూరు, మర్రిపాడు. 78 టీఎంసీల సోమశిల జలాశయం మన ఆత్మకూరు పక్కనే, అనంతసాగరం మండలంలోనే ఉంది. నీళ్లు మాత్రం తూర్పు దారి పడతాయి. హైలెవల్ కాలువ మాట ఏళ్ల తరబడి వింటూనే ఉన్నాం. ఇక్కడ మనకి ఆధారం ఈశాన్య రుతుపవనం, ఆ తర్వాత బోరు. వాన మీద కంది, మినుము, సజ్జ, పొగాకు. బోరు పడిన చోట నిమ్మ, బత్తాయి, మామిడి. బోరు ఎండిన చోట జామాయిల్.

మరి పొలం ఎప్పుడు తోట అవుతుంది? ప్రేమ పుట్టినప్పుడా? నీళ్లుండాలి, కంచె ఉండాలి, నాలుగేళ్లు ఆగగలగాలి. నిమ్మ మొక్క పెట్టాక కాపు పట్టడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. ఆ నాలుగేళ్లూ ఇంట్లో పొయ్యి వెలగాలంటే డబ్బు ఇంకో చోటి నుంచి రావాలి. ఉద్యోగం ఉండాలి, కాంట్రాక్టు ఉండాలి, వడ్డీ వ్యాపారం ఉండాలి, లేకపోతే అమెరికాలో కొడుకన్నా ఉండాలి. ఓపిక మంచివాళ్ల గుణమని చిన్నప్పుడు నేర్పారు. మెట్టలో ఓపిక ఒక ఆస్తి. అది ఎవరి దగ్గరుందో పాస్‌బుక్ చూస్తే తెలిసిపోతుంది.

కంది వేసే చిన్న రైతు లెక్క చూసుకుంటాడు నిజమే. చూసుకోక ఏం చేస్తాడు? విత్తనం అప్పు, మందు అప్పు, ఒక్క వాన తప్పితే ఏడాది పోతుంది. మిద్దె మీద వంగ మొక్క చస్తే ఆ సారు ఫేస్‌బుక్‌లో ఒక బాధ పోస్టు పెడతాడు, సాయంత్రం మార్కెట్లో వంకాయలు కొనుక్కుంటాడు. మొక్క చచ్చినా తన అన్నం చావదు కాబట్టి ప్రేమకి తీరిక ఉంది. ఇద్దరి మనసులూ వేరని రాస్తున్నారు. నష్టానికి ఎవరు ఎంత దగ్గరగా నిలబడ్డారో ఎవరూ రాయడం లేదు.

*

ఒక్కో ఆకునీ చూసే చూపు తోటమాలిది అన్నారు కదా. ఆ చూపు మెట్టలో ఎవరికుందో చెప్తా వినండి.

నిమ్మ తోటల్లో కాయ కోసే ఆడవాళ్ల ముంజేతులు ఒకసారి చూడండి. ముళ్లు గీరిన గీతల మీద కొత్త గీతలు ఉంటాయి. ఏ కొమ్మకి గజ్జి తెగులు తగిలింది, ఏ పాదులో నీళ్లు నిలుస్తున్నాయి, ఏ చెట్టు ఈ ఏడు తక్కువ కాస్తుంది అన్నది ఓనరు కంటే ముందు వాళ్లకి తెలుసు. 2022 వేసవిలో నిమ్మకాయ రేటు దేశమంతా వార్త అయింది. గూడూరు, పొదలకూరు మార్కెట్ల పేర్లు టీవీల్లో మోగాయి. కాయ రేటు పెరిగినన్ని రెట్లు కోత కూలి పెరగడం మీరు ఎప్పుడైనా చూశారా? రేటు పడిపోయినప్పుడు మాత్రం కాయ చెట్టునే వదిలేస్తారు. అప్పుడు మొట్టమొదట పోయేది కోత కూలీ పనిరోజులే. లాభంలో వాటా లేదు, నష్టంలో మాత్రం మొదటి వాటా.

పొగాకు చూడండి. కలిగిరిలో, డీసీపల్లిలో పొగాకు బోర్డు వేలం కేంద్రాలున్నాయి. అక్కడ పేరుండేది రిజిస్ట్రేషన్ ఉన్నవాడిది, బేరన్ ఉన్నవాడిది. ఆకు చేత్తో తాకి ఇది ఏ గ్రేడో చెప్పగల ఆడమనిషి మాదిగపల్లెలో ఉంటుంది. ఆమె పేరు ఏ కేంద్రంలోనూ ఉండదు.

మామిడి, నిమ్మ తోటల్లో కాపలా కుటుంబాలు ఎవరివో చూడండి. చాలా చోట్ల యానాదులు. రాత్రి అడవిపందులు, పగలు కోతులు, పిల్లలకి బడి దూరం. ముందు కొంత అడ్వాన్సు ఇస్తారు, ఆ బాకీ తీరేదాకా కుటుంబం మొత్తం ఆ కంచె లోపలే. వెట్టి చాకిరీ నిర్మూలన చట్టం 1976లోనే వచ్చింది. నిద్ర లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా తోటలోనే బతికే ఈ మనుషులు కదా అసలు తోటమాలులు? వీళ్ల ఫొటోతో ఒక్క 'గార్డెనింగ్ ఆనందం' పోస్టు చూపించండి.

*

"మీవాళ్లకి నేల మీద ప్రేమ లేదు సార్, పిల్లలందర్నీ పొలం నుంచి తప్పించాలనే చూస్తారు." ఈ మాట నాతో ముఖం మీదే అన్నవాళ్లున్నారు.

1936లో లాహోరు సభ కోసం రాసి, వాళ్లు చదవనివ్వకపోతే తానే అచ్చు వేసుకున్న 'కుల నిర్మూలన'లో అంబేడ్కర్ ఈ సంగతి తేల్చేశాడు. కులం పనుల్నే కాదు, పని చేసే మనుషుల్నే ముక్కలు చేసి ఒకరి కింద ఒకర్ని పేర్చింది. పుట్టుకతో నెత్తిన పెట్టిన పనిలో మనిషి ఇష్టానికి చోటు లేదు. ఏ పని చేస్తే లోకం చిన్నచూపు చూస్తుందో ఆ పని నుంచి మనిషి పారిపోవాలనే అనుకుంటాడు. మనసూ బుద్ధీ పెట్టలేని చోట పని బాగుపడదు. ఆయన వాదన సారాంశం ఇది. చాలామంది దీన్ని ఫ్యాక్టరీలకీ పాకీపనికీ అన్వయిస్తారు. నేను నిమ్మ తోటకి అన్వయిస్తున్నా.

"ఈ మట్టిపని నీకొద్దు నాయనా, చదువుకో" అని చెప్పే అమ్మకి నేల మీద ద్వేషం లేదు. ఆ నేల తనకి ఏమిచ్చిందో ఆమెకి లెక్క తెలుసు. అదే నోటితో ఆమె ఇంకో మాట కూడా అంటుంది, మనకంటూ ఒక అరెకరం ఉంటేనా అని. మీరు మొదటి మాట ఒక్కటే విని వెళ్లిపోయారు.

సాహిత్యంలోనూ ఇదే తంతు. మన జిల్లా కవి దువ్వూరి రామిరెడ్డి 'కృషీవలుడు' రాసి సేద్యగాణ్ని కావ్యనాయకుణ్ని చేశాడు. ఒమర్ ఖయ్యాంని 'పానశాల'గా తెలుగు చేసిందీ ఆయనే. నేను ఇష్టంగానే పాఠం చెప్తాను. ఆ తర్వాత 1941 నాటి జాషువా 'గబ్బిలం' తెరుస్తాను. పంట ఎవరి ఒంటి కష్టమో, ఆకలి ఎవరిదో అక్కడ కనిపిస్తుంది. పొలం అందం మీద ఎన్ని పద్యాలైనా రాయొచ్చు. ఆ పొలంలో ఎవరు ఎవరి కింద పనిచేస్తున్నారని అడిగినవాడు జాషువా.

*

ఇక కాగితాల దగ్గరికి వద్దాం. అసలు గొడవ ఇక్కడుంది.

అడంగల్ ఎప్పుడైనా చూశారా? మీభూమిలో మీ ఊరి సర్వే నెంబరు కొడితే వస్తుంది. అందులో పట్టాదారు పేరుకి ఒక గడి, అనుభవదారు పేరుకి ఒక గడి ఉంటాయి. నేల ఎవరిది, దాన్ని సాగు చేసుకుంటున్నది ఎవరు అని. ఎంత మంచి తెలుగు మాట, అనుభవదారు! ఆ నేలతో ముప్ఫై ఏళ్ల అనుభవం ఉన్న మనిషి పేరు అక్కడ ఉండాలి. మెట్టలో కౌలుకి చేసే మాల, మాదిగ కుటుంబాల సర్వే నెంబర్లు తీసి చూడండి. రెండు గడుల్లోనూ ఒకే పేరు కనిపిస్తుంది, పట్నంలో ఉండే ఆసామి పేరు. అనుభవం మాది. అనుభవదారు ఆయన.

కాలేజీ అడ్మిషన్ ఫారంలో తండ్రి వృత్తి అని ఒక గడి ఉంటుంది. ఏటా నేను చూస్తుంటా. ముప్ఫై ఎకరాలు కౌలుకిచ్చి నెల్లూరులో ఇల్లు కట్టుకున్నాయన కొడుకు 'వ్యవసాయం' అని రాస్తాడు. అలాంటి భూమిలో మూడెకరాలు కౌలుకి తీసుకుని రాత్రిపూట కూడా నీళ్లు కట్టే మనిషి కూతురు 'కూలి' అని రాస్తుంది. వృత్తి రాయమంటే పిల్లలు పట్టా రాస్తున్నారు.

ఈ పేరుతో అంత పనేముంది అంటారా? డబ్బంతా ఆ పేరు మీదే నడుస్తుంది. 2019లో వచ్చిన పీఎం కిసాన్ కింద ఏడాదికి 6,000 రూపాయలు. అది భూమి ఉన్న కుటుంబాలకే. కౌలుదారుకి లేదు, కూలీకి లేదు. రాష్ట్రంలో రైతు భరోసాలోకి ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదారుల్ని తీసుకున్నారు, ఒప్పుకుంటాను. కానీ దానికి పంట సాగుదారు కార్డు కావాలన్నారు. 2019 చట్టం ప్రకారం ఆ కార్డుకి భూమి యజమాని సంతకం కావాలి, అదీ పదకొండు నెలలకే. 2011 చట్టంలో ఈ సంతకం షరతు లేదు. కొత్త చట్టంలో వచ్చి కూర్చుంది. దళిత కౌలుదారు పోయి ఆసామిని సంతకం అడగాలి. అడిగితే వచ్చే ఏడు భూమి ఇంకొకడికి పోతుంది. ఇది తెలిసే చాలామంది అడగరు. అడగనివాళ్లకి కార్డు లేదు, కార్డు లేనివాళ్లకి పంట రుణం లేదు, పంట పోతే పరిహారం లేదు.

ఇంకో సంగతి తెలుసా? 2007 జాతీయ రైతు విధానంలో రైతు ఎవరు అన్నదానికి కేంద్రమే ఒక నిర్వచనం రాసుకుంది. సాగు చేసేవాళ్లతో పాటు వ్యవసాయ కూలీలు, వాటాకి చేసేవాళ్లు, కౌలుదారులు, పశువుల కాపరులు, చివరికి తోటపని చేసేవాళ్లు కూడా రైతులే అంది. చదివారా? రైతా తోటమాలా అని మీరు వాట్సాప్‌లో తేల్చుకోలేకపోతున్న తగాదాని ఆ కాగితం ఎప్పుడో తేల్చేసింది. పని చేసే ప్రతి మనిషీ రైతే అంది. డబ్బు పంచే రోజు వచ్చేసరికి ఆ కాగితం బీరువాలోకి పోయి పట్టా పుస్తకం బయటికొచ్చింది.

*

మాకు అసలు భూమే ఇవ్వలేదా అంటే ఇచ్చారు. డీకేటీ పట్టాలు ఇచ్చారు. గుట్ట పక్కన, రాళ్ల నేల, నీళ్లు లేని చోట. 1977 అసైన్డ్ భూముల చట్టం ఆ భూమిని అమ్మకూడదు, కొనకూడదు అంది. అయినా చేతులు మారింది. తెల్లకాగితం మీద మారింది, పెళ్లి ఖర్చు కింద మారింది, ఆసుపత్రి బాకీ కింద మారింది. పట్టా మా ట్రంకుపెట్టెలో ఉంటుంది, భూమి వాళ్ల కంచెలో ఉంటుంది. చేతులు మారిన భూముల్ని తిరిగి పేదలకి ఇప్పించమని 2006లో కోనేరు రంగారావు కమిటీ చెప్పింది. ఆ సిఫారసు కూడా ఆ బీరువాలోనే ఉంది.

2023లో చట్టం సవరించి, ఇచ్చి ఇరవై ఏళ్లు దాటితే పూర్తి హక్కు అన్నారు. 2024లో ప్రభుత్వం మారాక అక్రమాలు జరిగాయని ఆ రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ అన్నారు. నా మాట సూటిగా చెప్తా. హక్కు ఇవ్వాల్సిందే. మిగతా కులాల భూమి ఆస్తి అయ్యి, మా భూమి మాత్రం ఎప్పటికీ సర్కారు దయ ఎందుకు కావాలి? కానీ హక్కు వచ్చిన రోజున గేటు దగ్గర అడ్వాన్సు సంచితో ఎవరు నిలబడ్డారో కూడా చూడండి. మా చేతిలో ఉన్నన్నాళ్లూ అది బంజరు. బోరు వేసి డ్రిప్ పరిచాక అది తోట. ఆ బోరుకి అప్పు వాళ్లకి పుడుతుంది, మాకు పుట్టదు. బంజరుకీ తోటకీ మధ్య ఉన్నది ఆ అప్పే. దాన్ని ప్రేమ అని పిలవకండి.

దేశం మొత్తం మీద చూసినా ఇదే కథ. 2011 జనాభా లెక్కల్లో ఎస్సీలు 16.6 శాతం. 2015–16 వ్యవసాయ గణనలో ఎస్సీల కమతాల కింద ఉన్న భూమి 9 శాతం కూడా లేదు. మన జిల్లాలో ప్రతి ఐదుగురిలో ఒకరికి పైగా ఎస్సీలే. ఎవరి పొలాల్లో ఎవరున్నారో ఈ లెక్కలే చెప్తాయి.

*

ఇద్దరు మిత్రులు అడగబోయే ప్రశ్నలకి ముందే జవాబు చెప్తా.

ఒకరు అంటారు: మిద్దె తోట పెంచుకునేవాళ్ల మీద నీకెందుకు కోపం? కోపం లేదు. పెంచుకోండి. కానీ అదేదో కొత్తగా కనిపెట్టిన విద్య అని క్లాసులు పీకకండి. పూరింటి మీదికి సొరపాదు, గుమ్మడిపాదు ఎక్కించింది మా అవ్వలు. ఎందుకు ఎక్కించారు? కింద నేల లేదు కాబట్టి. 2020లో పేదలకి ఇచ్చిన ఇంటి స్థలం పల్లెల్లో సెంటున్నర. అందులో ఇల్లు కట్టాక కరివేపాకు చెట్టుకి ఎక్కడుంటుంది చోటు? పెరడు కూడా భూమి ప్రశ్నే. తోటపని మనసుకి హాయి అంటున్నారు కదా, ఆ హాయికి కనీసం ఐదు సెంట్లు ఇవ్వమని మాతో కలిసి అడగండి.

ఇంకొకరు అంటారు: చిన్న రైతు కూడా చస్తున్నాడు కదా, వాళ్లనీ మనల్నీ విడదీస్తావా? విడదీయను. వాళ్ల అప్పు నిజం, వాళ్ల చావు నిజం. వాళ్ల ధర్నాకి మా జెండా వస్తుంది. మా కూలి రేటు గురించి, మా కౌలు కార్డు గురించి కూడా ఆ మైకులో ఒక మాట మాట్లాడమంటున్నా. పంజాబ్‌లో దళితులు జనాభాలో మూడో వంతు. పంచాయతీ ఉమ్మడి భూమిలో తమకి చట్టం ఇచ్చిన మూడో వంతు కోసం జమీన్ ప్రాప్తి సంఘర్ష్ కమిటీ పెట్టుకుని, వేలంలో కలిసికట్టుగా పాడి, కలిసి సేద్యం చేస్తున్నారు. ఢిల్లీ సరిహద్దుల్లో ఉద్యమం జరిగినప్పుడు వాళ్లూ మద్దతు ఇచ్చారు, తమ భూమి మాట మాత్రం వదిలిపెట్టలేదు. ఐక్యత అంటే అది.

*

చదివి లైక్ కొట్టి పోవద్దు. ఉదయగిరి, ఆత్మకూరు పిల్లలకి పని చెప్తున్నా.

ఒకటి. ఈ సెలవుల్లో మీ పల్లెలో సాగు చేసే ప్రతి కుటుంబానికీ ఏ సర్వే నెంబరో రాసుకోండి. అడంగల్ తీసి అనుభవదారు గడిలో ఎవరి పేరుందో పక్కన రాయండి. ఊరికి ఒక నోటుబుక్కు చాలు.

రెండు. డీకేటీ పట్టాలు ఎవరెవరి పెట్టెల్లో ఉన్నాయో, ఆ భూములు ఎవరి కంచెల్లో ఉన్నాయో జాబితా చేయండి. ఆర్‌టీఐ చట్టం 2005 నుంచి ఉంది, తహసీల్దారు ఆఫీసుకి అర్జీ పెట్టండి. రెవెన్యూ సదస్సు పెట్టినప్పుడు ఆ జాబితాతో గుంపుగా పోండి, ఒంటరిగా పోవద్దు.

మూడు. ఉపాధి హామీలో ఎస్సీ, ఎస్టీల సొంత భూమిలో పండ్ల తోటలు పెట్టుకునే వీలుంది. ఇన్నాళ్లూ పక్కవాళ్ల తోటలకి గుంతలు తవ్వింది మన చేతులే. ఈసారి మన నేలలో గుంత తవ్వుకుంటాం అని గ్రామసభలో అడగండి.

నాలుగు. కౌలు కార్డుకి యజమాని సంతకం అనే షరతు ఎత్తేయాలి. ఇది మన సంఘాలన్నీ ఒకే గొంతుతో చెప్పాల్సిన మాట.

ఇదంతా జరిగే పనేనా అని నీరసపడొద్దు. కలిగిరి పక్క దూబగుంటలో రెక్కాడితే గానీ డొక్కాడని ఆడవాళ్లు సారా దుకాణం మూయించినప్పుడు వాళ్ల దగ్గర పట్టాలూ లేవు, పదవులూ లేవు. 1992లో అక్కడ లేచిన గొంతు మరుసటేడు రాష్ట్రమంతా సారా మీద నిషేధం తెప్పించింది. వాళ్లది ఈ మెట్టే.

వచ్చే వారం సీజేఎఫ్ఎస్ భూముల మీద రాస్తా. సహకార సంఘం పేరుతో భూమి ఇచ్చి, మనిషి పేరుతో ఇవ్వకపోతే మన జిల్లాలో ఏమైందో చెప్తా. ఈలోగా అడంగల్ తీసినవాళ్లు మీ ఊరి సంగతి కామెంట్లో పెట్టండి. మనుషుల పేర్లు మాత్రం పెట్టొద్దు, సర్వే నెంబరు పెట్టండి చాలు.

జై భీమ్.